లఘుచిత్రానికి ఉత్కంఠ రేపే మొదటి సన్నివేశం ఎలా తీయాలి?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి లఘుచిత్రాలు తీసే పిల్లలు తమ చిత్రాలు నాకు పంపి చూడమంటుంటారు. మాట్లాడి మాట్లాడి చివరికి అందరూ అడిగేది ఒకటే. "కథ బాగానే ఉంది సార్, మొదటి సీన్ ఎందుకు పట్టడం లేదు? మిస్టరీ రావాలంటే ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. పది పదిహేను నిమిషాల చిత్రం, చేతిలో ఫోను, చేతి ఖర్చుకు రెండు మూడు వేలు, ఒక ఆదివారం. ఇంతమాత్రం ఉన్నవాళ్ల కోసం ఇది.

మిస్టరీ అంటే దాచడమని చాలామంది అనుకుంటున్నారు. అందుకే సన్నివేశం చీకటిగా ఉంటుంది, ముఖాలు కనపడవు, మాటలు సగంలో ఆగిపోతాయి. చూసేవారిలో కుతూహలం పుట్టదు, విసుగు పుడుతుంది. మన అమ్మమ్మలు వేసిన పొడుపు కథ ఒకటి గుర్తు తెచ్చుకోండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు." తలుపు తెలిసిందే. మూయడం తెలిసిందే. చప్పుడు తెలిసిందే. అన్నీ తెలిసినవే గానీ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. తలుపు మూస్తే చప్పుడు రాకపోవడమేమిటి? ఆ పొసగని ముక్క మనసులో ముల్లులా గుచ్చుకుని, కనురెప్పలు అని తెలిసేదాకా వదలదు. పొడుపు కథ వేసేవాళ్లెవరూ నసుగుతూ వేయరు. ప్రతి మాటా స్పష్టంగా పలుకుతారు. మీ మొదటి సన్నివేశం కూడా అలాగే ఉండాలి.

2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగం ఆరంభం మీరంతా చూసినదే. వీపున బాణం దిగిన స్త్రీ, చేతుల్లో పసికందు, వెంటాడుతున్న సైనికులు, ముంచుకొచ్చే ఏరు. అక్కడ దాచిందేమీ లేదు. ఆమె ముఖం కనిపిస్తుంది, బాణం కనిపిస్తుంది, మునిగిపోతూ బిడ్డను పైకెత్తి పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. తెలియనిదల్లా ఆ బిడ్డ ఎవరన్నదే. అంత ఖర్చు మనం పెట్టలేం. ఆ పద్ధతికి మాత్రం పైసా ఖర్చు లేదు.

కావలసినవి

- వీడియో తీయడానికి ఒక ఫోను. వెలుగును, ఫోకస్‌ను మీ చేతిలో ఉంచే కెమెరా యాప్ అందులో ఉండాలి.
- శబ్దం రికార్డు చేయడానికి రెండో ఫోను.
- ట్రైపాడ్. లేకపోతే సగం ఇసుక నింపిన గోనె సంచి. దానిమీద ఫోను ఎలా పెడితే అలా నిలుస్తుంది.
- పసుపు వెలుగు ఇచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి, హోల్డరు, పొడవాటి వైరు, ఒక తెల్ల థర్మోకోల్ అట్ట.
- నోటు పుస్తకం, పెన్ను.
- కథ గురించి ఒక్క ముక్క కూడా తెలియని ఐదుగురు మనుషులు. వీరు లేకపోతే మిగతావన్నీ ఉన్నా లాభం లేదు. ఎందుకో చివరి మెట్టులో చెబుతాను. ఇప్పటినుంచే ఐదుగురిని అనుకుని పెట్టుకోండి, వారి దగ్గర కథ ఎత్తకండి.

1. ప్రశ్నను కాగితం మీద రాయండి

సన్నివేశం ముగిసేసరికి చూసేవారి నోటి నుంచి ఏ ప్రశ్న రావాలో ఒక్క వాక్యంలో రాయండి. "ఏం జరుగుతోంది?" అన్నది లెక్కలోకి రాదు, అది అర్థం కానివారు వేసే ప్రశ్న. "పెళ్లి ఇంట్లో గోడకున్న ఫోటోలన్నిటిలో ఒక్కటే వెనక్కి తిప్పి ఉంది, ఎవరిది?" ఇలా ఉండాలి. చేత్తో పట్టుకోగలిగిన వస్తువో, చూపించగలిగిన మనిషో, చోటో ఆ వాక్యంలో ఉండి తీరాలి. ఫోటో, తాళం, చెప్పుల జత, ఆగిపోయిన మోటారు, ఏదైనా సరే. "విధి", "గతం", "నిజం" లాంటి మాటలు వస్తే కొట్టేసి మళ్లీ రాయండి.

దాని కిందనే జవాబు కూడా రాయండి. జవాబు మీకే తెలియకపోతే కెమెరా తీయకండి. "ముందు సస్పెన్స్ పెడదాం, తర్వాత ఏదో ఒకటి ఆలోచిద్దాం" అని మొదలుపెట్టినవన్నీ చివరికి ఒకే గతికి చేరతాయి. హీరో మంచం మీద ఉలిక్కిపడి లేస్తాడు, అదంతా కల. చూసినవారు మోసపోయామనుకుంటారు, మీ తర్వాతి చిత్రం తెరవరు.

2. ఎవరికి ఎక్కువ తెలియాలో తేల్చుకోండి

సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు. తెరమీది మనిషికి తెలిసినది చూసేవారికి తెలియకపోతే అది రహస్యం. చూసేవారికి తెలిసినది తెరమీది మనిషికి తెలియకపోతే అది ఉత్కంఠ.

చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీ అనుకోండి. పేలుడుకు ముందు సైరన్ మోగింది. పనివాళ్లంతా మామూలుగా దూరంగా నడిచి వెళ్లిపోతున్నారు. వారిలో ఒక్కడు మాత్రం ఎదురు నడిచి లోపలికి వెళ్లాడు. ఎందుకు? ఇది రహస్యం. అదే సైరన్, అదే నడక. రాతి దిమ్మె వెనక నీడలో ఒక పిల్లవాడు నిద్రపోతున్నట్టు మనకు మాత్రం చూపించారు. ఇది ఉత్కంఠ. 1958లో అమెరికన్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' మొదలయ్యేది ఈ రెండో దారిలోనే. ఒకడు బాంబుకు సమయం పెట్టి కారు డిక్కీలో దాచడం ముందే చూపిస్తారు. ఆ తర్వాత సుమారు మూడు నిమిషాలు కట్ లేకుండా కెమెరా ఆ ఊరి వీధుల్లో తిరుగుతుంటే మన కళ్లు ఆ కారు మీదే ఉంటాయి.

నిమిషంన్నర సన్నివేశంలో రెండు దారులూ తొక్కకండి. మొదటి చిత్రమైతే ఉత్కంఠ వైపే వెళ్లమంటాను, చూసేవారికి ఏం తెలియాలో మీకు ముందే తెలుసు కాబట్టి పొరపాట్లు తక్కువ. (క్వారీ ఉదాహరణ చదివి పని జరుగుతున్న క్వారీలోకి కెమెరాతో వెళ్లకండి. ఉదాహరణ ఉదాహరణగానే ఉండనివ్వండి.)

3. ఆ చోటి మామూలును పట్టుకోండి, అందులో ఒక్కదాన్ని తప్పించండి

అసలు పని అంతా ఇక్కడే ఉంది, పిల్లలు దాటేసేదీ ఇదే. పాడుబడ్డ బంగళా, గుడ్లగూబ, కిర్రుమనే తలుపు, ఉరుము. ఇవి ఎవరి ఊరివీ కావు, ఇతర సినిమాల నుంచి వచ్చినవి. పాడుబడ్డ బంగళాలో ఏదో జరుగుతుందని అందరికీ ముందే తెలుసు కాబట్టి అక్కడ ఏం జరిగినా ఆశ్చర్యం ఉండదు. రోజూ ఒకేలా నడిచే చోట ఒక్కటి తప్పితేనే గుండె ఆగినట్టవుతుంది.

మన జిల్లాల్లో అలాంటి చోట్లకు కొదవ లేదు. పొగాకు కాల్చే రోజుల్లో బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) దగ్గర రాత్రంతా మనిషి మేలుకుని ఉంటాడు, పొయ్యిలో మంట తగ్గకూడదు, వేడి చూసుకుంటూ ఉండాలి. తెల్లవారుజామున మంట నిండుగా ఎగసిపడుతోంది, పక్కన కట్టెలు సగం తగ్గాయి, మనిషి లేడు. మరి కట్టెలు వేసిందెవరు? ఉప్పు మడుల్లో రాత్రికి రాత్రి ఒక్క కుప్ప చోటు మారింది. ఎండాకాలం పెన్నలో ఇసుక మీద ఎద్దుబండి గాడి నడి ఏటి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. రైల్వే గేటు పడింది, బండి వెళ్లిపోయింది, గేటు ఎత్తేవారు లేరు.

ఎలా వెతకాలో చెబుతాను. ఒక చోటు ఎంచుకుని నోటు పుస్తకంతో గంటసేపు ఊరికే కూర్చోండి. అక్కడ ఎప్పుడూ ఉండేవి, ఎప్పుడూ వినపడేవి ఇరవై రాయండి. తర్వాత ఒక్కొక్కటీ కొట్టేస్తూ "ఇది లేకపోతే?" అని అడగండి. పద్దెనిమిది వాటికి ఏమీ అనిపించదు. ఒకటి రెండింటికి ఒళ్లు జలదరిస్తుంది. అదే మీ సన్నివేశం.

నాకలా దొరికినది మైపాడు దారిలో, ఇందుకూరుపేట దాటాక ఒక రొయ్యల చెరువు గట్టు మీద. రాత్రి ఏరియేటర్ల (నీటిని చిలికి అందులో గాలి కలిపే యంత్రాల) చప్పుడు చెవులు నింపేస్తుంది. కాపలా పెద్దాయన మాత్రం ఆ హోరులోనే హాయిగా నిద్రపోతాడు. "ఇంత చప్పుడులో నిద్ర ఎలా పడుతుంది పెద్దాయనా?" అని అడిగాను. "చప్పుడు ఉంటేనే నిద్ర బాబూ, అది ఆగితే మెలకువ వస్తుంది" అన్నాడు. రాత్రిపూట చెరువు నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లవారుజాముకు మరీ తగ్గుతుంది, ఏరియేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలిపోతాయి. ఆయనకు నిశ్శబ్దమే అలారం. ఆ మాట వినగానే సన్నివేశం కళ్ల ముందు కట్టింది. నేను గదిలో కూర్చుని నెలరోజులు ఆలోచించినా అది తట్టేది కాదు.

4. షాట్లు రాసుకోండి

పది షాట్లకు మించవద్దు. ఆ చెరువు సన్నివేశాన్నే నమూనాగా ఇస్తున్నాను. ఒక్కో షాట్ ఎందుకు ఉందో చూడండి.

నల్లని తెర, నాలుగు ఏరియేటర్ల హోరు. షెడ్డులో బల్బు, నవారు మంచం మీద పెద్దాయన ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతలి గొంతు: "పెద్దాయనా, నాలుగూ తిరుగుతున్నాయా?" ఈయన: "తిరుగుతున్నాయి బాబూ." "ఆగనివ్వద్దు." ఫోను పక్కన పెట్టి పడుకుంటాడు. గోడకు ఏరియేటర్లను నడిపే స్టార్టర్ల బోర్డు ఒకసారి కనిపిస్తుంది. ఆయన నిద్రపోతున్న ముఖం. హోరులో ఒకటి ఆగుతుంది, ఆయన కదలడు. రెండోది ఆగుతుంది, కనుబొమ ముడిపడుతుంది. మూడోది ఆగుతుంది, కళ్లు తెరుచుకుంటాయి. ఆయన మొదట చూసేది పైనున్న బల్బు వైపు. బల్బు వెలుగుతూనే ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కరెంటు పోతే బల్బు కూడా ఆరాలి. బల్బు ఆరలేదంటే కరెంటు ఉంది. కరెంటు ఉండి ఏరియేటర్లు ఒక్కొక్కటిగా ఆగాయంటే ఎవరో ఆపుతున్నారు. ఈ మూడు ముక్కలూ మనం ఒక్క మాట కూడా చెప్పకుండా చూసేవారే కలుపుకుంటారు. అలా తామే కలుపుకున్నదాన్ని మరిచిపోరు.

తర్వాత టార్చి వెలుగు బోర్డు మీద, మూడు స్విచ్‌లు ఆపేసి ఉన్నాయి. వెలుగు నేల మీదికి జారుతుంది. తడి అడుగులు. చెరువు వైపు నుంచి షెడ్డులోకి వచ్చినవే ఉన్నాయి, బయటికి వెళ్లినవి లేవు. నాలుగో ఏరియేటర్ ఆగుతుంది. టైటిల్.

ప్రశ్న: లోపల ఎవరున్నారు? ఒక్కటే. చీకటి షెడ్డే అయినా బల్బు, బోర్డు, స్విచ్‌లు, అడుగులు అన్నీ స్పష్టంగా కనపడ్డాయి.

ఒక గట్టి హెచ్చరిక. షాట్ కోసం నడుస్తున్న ఏరియేటర్లను ఆపమని రైతును అడగవద్దు. మేము అడిగాం. ఆయన మమ్మల్ని గట్టు దిగి వెళ్లమన్నాడు, ఆయనదే న్యాయం. అది లక్షల పెట్టుబడి. చెరువుల చుట్టూ పీతలు రాకుండా, పక్షులు వాలకుండా వలలు కట్టేది జబ్బులు పాకకుండా ఉండడానికే, కాబట్టి ఒక చెరువు నుంచి ఇంకో చెరువులోకి అడుగు పెట్టవద్దు. తడి నేల, కరెంటు వైర్లు కలిసి ఉండే చోటది, బోర్డు మీద మీ నటుడు చెయ్యి వేయనే కూడదు. పంట తీసి చెరువు ఎండబెట్టిన రోజుల్లో అడిగితే రైతులు సంతోషంగా ఒప్పుకుంటారు. షెడ్డు ఖాళీగా ఉంటుంది, కరెంటు తీసేయమనవచ్చు. నీళ్లు తెరమీద కనిపించాల్సిన పనే లేదు, హోరు వినపడితే చాలు.

చెరువు దొరకకపోతే ఇంట్లోనే తీయండి. మూడు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, ఒక గడియారం చాలు. నటులు దొరకకపోతే ఒక్క చెయ్యి, ఒక గొంతుతో సరిపెట్టుకోవచ్చు.

5. మాటలు తగ్గించండి, సర్వనామాలు కొట్టేయండి

నాకు వచ్చే చిత్రాల్లో ఎక్కువ వాటికి పట్టిన జబ్బు ఇది.

"ఆ పని అయిందా?"
"వాడు వచ్చాడు."
"అది దొరికిందా?"
"ఇంకా లేదు. వాళ్లకు తెలిస్తే..."

ఎవరు వాడు, ఏది అది, ఏ పని? రాసినవారికి ఇది గుట్టుగా తోస్తుంది. చూసేవారికి ఎవరో పక్క బల్ల దగ్గర గొణుక్కుంటున్నట్టు ఉంటుంది. నిజంగా రహస్యం మాట్లాడుకునే ఇద్దరు ఇలా మాట్లాడుకోరు కూడా. "రామాయపట్నం లారీ దిగిందా?" అని అడుగుతారు. పేరు, వస్తువు, చోటు మాటలో పెట్టండి. "వెంకటగిరి చీర దొరికిందా?" "దొరికింది, అంచు కాలిపోయింది." ఇప్పుడు ప్రశ్న పుట్టింది. ఎవరి చీర, ఎందుకు కాలింది?

"కొన్ని ప్రశ్నలకు కాలమే జవాబు చెబుతుంది" తరహా గంభీర గొంతుతో మొదలుపెట్టకండి. కెమెరా చేయాల్సిన పనిని గొంతుకు అప్పగించినట్టవుతుంది.

6. వెలుగు

రాత్రి సన్నివేశాన్ని చిమ్మచీకట్లో తీస్తే ఫోనులో పురుగుల్లాంటి చుక్కలే మిగులుతాయి. ఆరుబయట షాట్లు సూర్యుడు దిగాక తీసి, వెలుగు తగ్గించుకోండి. మన ప్రాంతంలో సంధ్య వెలుగు ఎంతోసేపు నిలవదు, పనికొచ్చేది సుమారు 20 నిమిషాలు. కాబట్టి అంతకుముందే నటుడితో నాలుగుసార్లు నడిపించి చూసుకోండి.

సముద్రం ఒడ్డున తీసేవారికి ప్రత్యేకంగా ఒక మాట. మనది తూర్పు తీరం. మైపాడు అయినా కొత్తపట్నం అయినా సాయంత్రం సముద్రం వైపు ఆకాశం ముందే నల్లబడుతుంది, వెలుగు మీ వెనక ఊరి వైపు ఉంటుంది. సముద్రానికి ఎదురుగా నల్లని నీడలా మనిషి నిలబడిన షాట్ కావాలంటే తెల్లవారుజామున వెళ్లాలి. నేను ఇది తెలియక ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఒడ్డు, నీళ్లు, మనిషి అన్నీ కలిసి ఒకే బూడిద రంగులో వచ్చాయి. చీకట్లో నటుడిని నీళ్లలోకి దించవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం, ఆ నెలల్లో వాతావరణ హెచ్చరికలు చూడకుండా ఒడ్డుకు వెళ్లవద్దు.

లోపలి షాట్లకు ఒక్క బల్బు చాలు. బల్బు తెరమీదే కనిపించనివ్వండి. ముఖం దానికి మూరెడు దూరంలో ఉంటే చక్కగా వెలుగుతుంది, వెనక గోడ దానంతట అదే చీకటవుతుంది. ముఖంలో రెండో సగం మరీ నల్లగా ఉంటే థర్మోకోల్ అట్టను అటువైపు పట్టుకోండి.

ఫోనులో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలా పెడితే ట్యూబులైటు కింద తెరమీద చారలు పాకవు. ఐఎస్‌ఓ (వెలుగును ఫోను ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 800 దాటనివ్వకండి. ఫోకస్, వెలుగు రెండూ తాళం వేసి ఉంచండి, లేకపోతే నటుడు కదిలినప్పుడల్లా ఫోను తనకు తోచినట్టు వెలుగు పెంచుతుంది, తగ్గిస్తుంది. భయం అంతటితో పోతుంది.

పోలీసు దుస్తులు, బొమ్మ తుపాకులు వాడుతుంటే ముందే స్థానిక స్టేషన్‌లో చెప్పండి. రేవులకు, శ్రీహరికోటకు దగ్గర్లో డ్రోన్ జోలికి పోవద్దు.

7. శబ్దం

ఉత్కంఠలో కన్ను చేసే పని సగమే. రెండో ఫోనును నటుడి దగ్గరగా, తెరమీద కనపడకుండా పెట్టి వేరుగా రికార్డు చేయండి. సముద్రపు గాలిలో అయితే మైకు రంధ్రం మీద పలుచటి స్పాంజి ముక్క కట్టండి. ఫోన్లు రెండూ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి.

చెరువు హోరును గట్టు మీద, షెడ్డు గుమ్మంలో, షెడ్డు లోపల రెండేసి నిమిషాలు విడివిడిగా తీసుకోండి. ఎడిటింగ్‌లో నాలుగు ఏరియేటర్లకు నాలుగు వరుసలుగా పేర్చి ఒక్కొక్కటీ తీసేయండి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. చివరిది కూడా ఆగాక శబ్దాన్ని పూర్తిగా సున్నా చేస్తారు. అప్పుడు చూసేవారు ఫోను చెడిపోయిందేమోనని చూసుకుంటారు. నిశ్శబ్దానికి కూడా శబ్దం ఉంటుంది. కప్పలు, దూరంగా అలలు, బల్బు చుట్టూ తిరిగే పురుగు. వాటిని అదే చోట, అదే వేళ ఒక నిమిషం రికార్డు చేసుకుని కింద పరచండి. హోరు ఆగగానే అవి వినపడతాయి. చెవి అప్పుడు పెద్దదవుతుంది.

సంగీతం వద్దు, కనీసం ప్రశ్న పుట్టేదాకా. మొదటి సెకను నుంచే ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) మోగితే "భయపడండి" అని చెప్పి భయపెట్టినట్టే ఉంటుంది.

8. ఎడిటింగ్

మొదటి కూర్పు రెండు నిమిషాలు దాటి వస్తుంది. నిమిషంన్నరకు దించండి. ముందు మొదటి షాట్ తీసేసి చూడండి. సన్నివేశం ఇంకా అర్థమవుతోందా? అయితే అది అక్కర్లేదు. ఊరంతా చూపించే పైనుంచి తీసిన షాట్ ఎక్కువగా ఇలా పోయేదే.

ఆ తర్వాత చివరి షాట్. నటుడు అడుగులు చూసి, భయపడి, నోరు తెరిచి, "ఎవరది?" అని అరిచేదాకా ఉంచుతారు. ఆ "ఎవరది?" మీ నటుడు అడిగేస్తే చూసేవారికి అడగడానికి ఏమీ మిగలదు. ఆయన నోరు తెరవకముందే కట్ చేసి అక్కడ టైటిల్ వేయండి.

"12 గంటల ముందు" అని వేసి వెనక్కి వెళ్లే పద్ధతి గురించి చాలామంది అడుగుతారు. అసలు మొదలు చప్పగా ఉందని తెలిసి, మధ్యలోని గొడవను ముందుకు తెచ్చుకోవడమే అది. తప్పనిసరైతే వాడండి. ముందు మాత్రం అసలు మొదలును బాగుచేసే ప్రయత్నం చేయండి.

9. పరీక్ష

మొదట మీరే చూసుకోవాల్సినవి మూడు. ఫోను వెలుగు సగానికి తగ్గించి, పగటిపూట బస్టాండులో నిలబడి చూడండి, ఎక్కువమంది చూసేది అలాగే. అడుగులు కనపడకపోతే ఎడిటింగ్‌లో వెలుగు పెంచండి. శబ్దం తీసేసి ఒకసారి చూడండి, కథ అందాలి. కళ్లు మూసుకుని ఒకసారి వినండి, ఎక్కడ ఏం మారిందో తెలియాలి.

ఇప్పుడు ఆ ఐదుగురిలో ముగ్గురిని విడివిడిగా పిలవండి. అందరినీ కలిపి కూర్చోబెడితే మొదటివారు అన్నదే మిగతావారూ అంటారు. ఫోను వారి చేతికే ఇచ్చి, టైటిల్ పడగానే ఆపి, "ఇప్పుడు మీకు ఏం తెలుసుకోవాలని ఉంది?" అని ఒక్కటే అడగండి. "బాగుందా?" అనవద్దు, మన వాళ్లెవరూ బాగాలేదని ముఖం మీద చెప్పరు. వారన్న మాట యథాతథంగా రాసుకోండి, దిద్దవద్దు, మధ్యలో వివరించవద్దు. చూస్తున్నప్పుడు వారి బొటనవేలి మీద కన్నేయండి. తెరను ముందుకు జరపబోయిన సెకను ఏదో అదీ రాసుకోండి, అక్కడ మీరు అనవసరంగా సాగదీశారు.

ముగ్గురి మాటలూ మీరు కాగితం మీద రాసిన ప్రశ్నకు దగ్గరగా ఉంటే మొదటి సన్నివేశం కుదిరింది. ముగ్గురూ ఒకే ప్రశ్న వేసి, అది మీరు రాసినది కాకపోతే కంగారు పడకండి. వారి ప్రశ్నే మంచిదైతే కథను అటు మళ్లించుకోండి. మూడు వేరువేరు ప్రశ్నలు వస్తే తెరమీద వస్తువులు ఎక్కువయ్యాయి, ఒకటి రెండు తీసేయండి. "అసలు ఏం జరిగింది?" అంటే మూడో మెట్టుకు వెనక్కి వెళ్లండి. అక్కడి మామూలు ఏమిటో వారికి తెలియలేదు, అందుకే తప్పింది ఏమిటో కూడా తెలియలేదు.

చెరువు సన్నివేశానికి మాకు ఇదే జరిగింది. తీరం వైపు అమ్మాయి చూడగానే "బల్బు ఉందిగా, ఎవరు ఆపారు?" అంది. గిద్దలూరు వైపు నుంచి వచ్చిన అబ్బాయి మాత్రం "చప్పుడు ఆగితే ఆయన ఎందుకంత కంగారు పడ్డాడు?" అన్నాడు. అతను పుట్టి పెరిగిన చోట రొయ్యల చెరువు లేదు, తప్పు అతనిది కాదు, మాది. మేము మొదట తీసినప్పుడు పైన రాసిన ఫోను సంభాషణ లేదు. "నాలుగూ తిరుగుతున్నాయా? ఆగనివ్వద్దు" అన్న రెండు మాటలు ఆ అబ్బాయి వల్ల వచ్చి చేరినవే. వివరణలా లేకుండా, రోజూ జరిగే మాటలా ఉన్నాయి కాబట్టి తీరం వాళ్లకూ అడ్డు రాలేదు. అందుకే మీ ముగ్గురిలో ఒకరైనా ఆ చోటు ఎరగనివారై ఉండాలి.

మార్చిన కూర్పును మళ్లీ అదే ముగ్గురికి చూపించవద్దు. వారికి షెడ్డులో ఏముందో, ఏ అడుగులు ఎటు వెళ్లాయో తెలిసిపోయింది, ఇక వారి మాట మీకు పనికిరాదు. మిగిలిన ఇద్దరినీ ఆ రోజు కోసమే అట్టిపెట్టుకోండి.